ఐదు లీటర్ల క్యానుకి పడ్డ సొట్ట

నేను చెప్పే కబుర్లలో నూటికి ఇరవై పాళ్ళు కోతలేనని మా ఇంట్లో లెక్కగట్టారు. ఆ లెక్క తప్పు. ముప్పై ఉంటాయి. అయితే ఇప్పుడు రాయబోయే సంగతిలో కొయ్యాల్సిన అవసరం రాలేదు. ఒక్కచోట మాత్రం, ఆటోల క్యూ పొడుగు దగ్గర, కాస్త సాగదీసే అలవాటుంది నాకు. అక్కడికి వచ్చినప్పుడు నేనే చెప్పేస్తాను, మీరు అంత మేరకు తగ్గించుకోండి.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన కుర్రాళ్ళు టీ కొట్టు దగ్గర నన్ను కదిపి, "మీ సర్వీసులో మర్చిపోలేనిది ఒకటి చెప్పండి" అంటుంటారు. సర్వీసు అనేంత గొప్ప మాట నా ఉద్యోగానికి నప్పదు. పెట్రోలు బంకులో పైపు పట్టుకునేవాణ్ణి. నాలుగేళ్ళు పట్టుకున్నాను, ఒక మధ్యాహ్నం వదిలేశాను. ఆ తర్వాత ఆటోనగర్ షెడ్లలో పాతికేళ్ళు ఇనుముతో కుస్తీపట్టి, నడుం ఇక చాలనగానే మానేశాను. ఆ పాతికేళ్ళనీ ఒక గోనెలో వేసి తూచినా ఆ ఒక్క మధ్యాహ్నానికి సరితూగవు.

డెబ్బైలు వెళ్ళిపోయి ఎనభైలు వస్తున్న కాలం. మా బంకు మల్కాపురం నుంచి గాజువాక వెళ్ళే రోడ్డు మీద ఉండేది. ఒక పెట్రోలు పంపు, ఒక డీజిలు పంపు, వాటి ముందు సిమెంటు దిమ్మ, వెనక ఓనరు గారి గది. అటు పోర్టు లారీలు, ఇటు స్టీలు ప్లాంటు పునాదులకు మట్టి మోసే లారీలు, వాటి సందుల్లో దూరిపోతూ ఆటోలు. దిమ్మ మీద నిలబడితే రిఫైనరీ గొట్టం, దాని కొసన మంట కనబడేవి. గాలి ఇటు తిరిగిన రోజున ఆ వాసనకి నోట్లో ముద్ద దిగేది కాదు.

ఆ గొట్టాన్ని చూసే మా ఆటోవాళ్ళకి ఎక్కువ మండేది.

"మనూరి పోర్టులోనే ఓడ దిగుతాది, మనూరి రిఫైనరీలోనే కాగుతాది. పొగ మన ముక్కులోకే ఎల్తాది. రేటు కాడికొచ్చేసరికి ఢిల్లీదేటి?" అని అడిగేవాడు మా బంకుకి వచ్చే ఆటోవాళ్ళందరికీ పెద్దవాడు. ఒకప్పుడు పోర్టులో బస్తాలు మోసిన మనిషి. భుజాలు తలుపంత, మీసాలు గడపంత. మేమందరం అతన్ని బావా అనే పిలిచేవాళ్ళం. అతనూ అందర్నీ బావా అనేవాడు, తిట్టేటప్పుడు కూడా.

ఆ ఒక్క యేడాదిలో రేటు రెండుసార్లు పెరిగింది. పెంచినవాడెవడో డ్రైవరుకి కనబడడు. ఎదురుగా కనబడేది పైపు పట్టుకున్న నేను. అరబ్బు దేశంలో బావులన్నీ మా తాతవే అయినట్టు నన్ను కడిగి ఆరేసేవారు. వాళ్ళ తప్పూ లేదు. ఆటో ఎక్కే మనిషి పెట్రోలు రేటు వినడు, నిన్నటి కిరాయే ఇస్తానంటాడు. పోర్టు గేటు దగ్గర బేరం కుదరక దిగిపోయేవాళ్ళు దిగిపోతే, ఆటోవాడు బండిని ఒక పక్కకి ఒరగదీసి ఊపి, టాంకు మూలనున్న చివరి చుక్కలతో మా బంకుదాకా వచ్చేవాడు. అలా వచ్చినవాడి నోటికి అడ్డమేముంటుంది?

ఆ నోళ్ళని ఆపడానికి నాకు తెలిసిన విద్య ఒకటే. కోతలు.

రేటు మొదటిసారి పెరిగినప్పుడు చెప్పాను: అరబ్బు దేశంలో నూనె వచ్చే పెద్ద గొట్టం మీద ఒక ఒంటె పడుకుందనీ, అది షేకుగారి ముద్దుల ఒంటె కావడంతో లేపే దమ్ము ఎవరికీ లేదనీ, అది లేచేదాకా రేటు దిగదనీ. నవ్వారు. నవ్వుతూనే పెట్రోలు కొట్టించుకున్నారు. మర్నాటి నుంచి ప్రతివాడూ బండి ఆపగానే, "ఏటి బావా, ఒంటె లెగిసిందా?" అనడం మొదలుపెట్టారు. రెండోసారి పెరిగినప్పుడు ఆ ఒంటెకి కడుపని చెప్పాను. అప్పుడు నవ్వు కొంచెం తగ్గింది.

మా ఓనరు గారి గురించి చెప్పాలి. గోదావరి జిల్లా మనిషి. పోర్టులో కాంట్రాక్టులు చేద్దామని వచ్చి, ఈ బంకు కొనుక్కుని ఇక్కడే స్థిరపడ్డాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, మాటకి ముందొక "ఆయ్", వెనకొక "అండి". ఆయన కసిరినా పెళ్ళికి పిలుస్తున్నట్టే ఉండేది. నాతోపాటు పైపు పట్టే ఇంకో మనిషి ఉండేవాడు, నాకంటే ముప్పై ఏళ్ళు పెద్ద. నేను మావా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. కూతుళ్ళు లేరు కాబట్టి భయం లేకుండా అనేవాడు. రోజుకి పది మాటలకి మించి మాట్లాడేవాడు కాదు. నేను ఇద్దరి వంతూ మాట్లాడేసేవాణ్ణి కనుక లోటు తెలిసేది కాదు.

ఇప్పుడు సొట్ట సంగతి.

ప్రతి బంకులోనూ ఐదు లీటర్ల కొలత క్యాను ఒకటి ఉండాలి. పొట్ట లావుగా, మెడ సన్నగా, మెడకున్న అద్దం ముక్క మీద ఒక గీత. పంపులోంచి ఐదు లీటర్లు అందులో పడితే సరిగ్గా ఆ గీత దగ్గర ఆగాలి. గీతకి కింద ఆగితే పంపు తక్కువ కొడుతోందని అర్థం. సర్కారు ముద్ర కూడా ఉంటుంది దాని మీద. ఏ గిరాకీ అయినా అడగొచ్చు, అడిగితే మేం కొలిచి చూపించాలి. ఇది ఎప్పుడూ ఉన్న హక్కే. అడిగేవాడే లేడు.

ఒకరోజు ఆ క్యానుని కడిగి లోపలికి తీసుకెళుతూ, లైన్లో ఉన్న లారీవాళ్ళకి పోర్టులో కొత్త క్రేను ఎలా తిరుగుతుందో చూపించబోయాను. చెయ్యి చాపి, నోటితో కుయ్యిమని చప్పుడు చేస్తూ, చేతిలో క్యానుతో గుండ్రంగా తిరిగాను. నా క్రేను డీజిలు పంపు పక్కనున్న ఇనప స్తంభాన్ని ఢీకొట్టింది. క్యాను పొట్టకి సొట్ట. నా బొటనవేలు పూర్తిగా దిగేంత లోతు, ఒక టీ గ్లాసు నీళ్ళు పట్టేంత గుంట.

మావ వచ్చి చూశాడు. "ఉజ్జోగం పోయినట్టే అల్లుడా" అని, ఆ రోజుకి తన పది మాటల్లో మూడు ఖర్చుపెట్టి వెళ్ళిపోయాడు. నేను సొట్ట గోడవైపు తిప్పి పెట్టాను. రెండోరోజే ఓనరు గారు పట్టుకున్నాడు. క్యానుని అటూ ఇటూ తిప్పాడు. పంపు దగ్గరికి తీసుకెళ్ళి ఐదు లీటర్లు పట్టించాడు. పెట్రోలు గీత దాటి పైకి పొంగింది. ఆయన చాలాసేపు ఆ గీతకేసే చూస్తూ నిలబడ్డాడు.

"పర్లేదబ్బాయ్. పనిచేసేవాడి చేతిలోనే కదా పడుతుంది. దీని గురించి ఎక్కడా అనకు" అన్నాడు. పైగా టీ ఇప్పించాడు.

అంత మంచి మనిషి గోదావరికి ఇవతల మళ్ళీ పుట్టడని నేను ఆ రోజంతా చాటాను. సొట్ట సంగతి చెప్పకుండా ఆయన మంచితనం మాత్రమే చెప్పడం ఎంత కష్టమో నాకే తెలుసు. వారం తిరక్కుండా పంపు మెకానిక్కు వచ్చి, మూత విప్పి లోపల ఏదో తిప్పాడు. సర్వీసింగు అన్నాడు ఓనరు గారు. ఆ మెకానిక్కుకి స్పానర్లు అందించింది ఎవరనుకున్నారు? నేనే. కబుర్లు చెబుతూ మరీ అందించాను. సొట్టకీ సర్వీసింగుకీ మధ్య ముడి ఉందని నా బుర్రకి తట్టలేదు. లోకంలో అందరికీ కథలు అల్లిపెట్టేవాడు తన ముక్కు కింద నడిచే కథని చూడలేడని అప్పటికి నాకు తెలీదు.

ఏటేటా వేయించాల్సిన కొత్త ముద్ర కోసం ఓనరు గారు ఆ యేడూ, మరుసటి యేడూ క్యానుని తీసుకెళ్ళలేదు కూడా. "తీరిక లేదబ్బాయ్" అన్నాడు.

మూడోసారి రేటు పెరిగింది. పొద్దున్నే బోర్డు మీద పాత అంకె చెరిపి కొత్త అంకె రాసింది నేనే. మొదట వచ్చిన బావ బోర్డు చూశాడు. ఒంటె గురించి అడగలేదు. అదే నాకు భయమేసింది.

సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆటోవాళ్ళు పది పన్నెండు మంది చేరారు. ఒకడు బందు చేద్దామన్నాడు. "బందు సేత్తే మన పొయ్యే ఆరిపోతాది. ఆడికేటి?" అన్నాడు బావ. ఇంకొకడు బంకు అద్దాలు పగలగొడదామన్నాడు. "పగలగొట్టి పెట్రోలు ఏడ కొట్టించుకుంటావురా, సంద్రంలోనా?" అన్నాడు మళ్ళీ బావే.

అప్పుడు నేను నోరు పెట్టాను. "బావా, నానొకటి సెప్తాను. ఒక్క అద్దం పగలకుండా, ఒక్క బండి ఆపకుండా, బంకు బంకంతా నిలబెట్టీచ్చు."

"నీ ఒంటె మీద ఒట్టేసి సెప్పు."

"కోత కాదు బావా. గదిలో గోడకి తగిలించున్న రూలు సదివినాను. పెట్రోలు కొట్టించుకునే ముందు ఏ గిరాకీ అయినా ఐదు లీటర్ల కొలత అడగొచ్చు. మేం కాదనడానికి నేదు. క్యాను తేవాల, పట్టాల, చూపించాల, మల్లీ టాంకులో పొయ్యాల. ఒక్కో బండికి ఇదంతా ఎంతసేపవుద్దో లెక్కేసుకో. ప్రతి ఆటోవోడూ అడిగితే? ఎనక కాంట్రాక్టర్ల జీపులు, కార్లు హారన్లు కొట్టుకుంటా నుంచోవాలి. పోలీసు వచ్చినా ఏటనగలడు? హక్కు."

బావ మీసం ఆ చివర నుంచి ఈ చివరకి దువ్వాడు. "ఇంత బుర్ర పెట్టుకుని ఒంటెల కబుర్లు సెప్తన్నావేటిరా ఇన్నాళ్ళూ?" ఆ తర్వాత ఒక మాట అడిగాడు. "కొలిత్తే మీ పంపు తక్కువేం రాదు కదా? అదొస్తే యవ్వారం మారిపోద్ది."

"మా పంపులో చుక్క తగ్గితే నా మీసం తీయించుకుంటాను" అన్నాను. నాకు అప్పటికి మీసమని చెప్పుకోదగ్గదేమీ లేదు. అయినా ఆ మాట నమ్మే అన్నాను.

మర్నాడు పది గంటలకి మొదలైంది. ఆటోల క్యూ గాజువాక దాకా పోయిందని నేను చెబుతుంటాను. అదే నేను చెప్పిన ఆ ఒక్కచోటు. నిజానికి రోడ్డు మలుపు దాకా పోయింది. ఆటోలు నలభై అంటాను, ఇరవై మూడు. వాటి వెనకా, సందుల్లోనూ ఇరుక్కున్న జీపులూ కార్లూ స్కూటర్లూ మాత్రం ఎన్నో నాకే తెలీదు.

మొదటి ఆటో బావది. దిగి, చేతులు కట్టుకుని, చదువుకున్నవాడిలా అన్నాడు. "కొలత సూపించండి."

నేను ఓనరు గారి గది వైపు చూశాను. ఆయన రుసరుసలాడుతూ వస్తాడనుకున్నాను. నవ్వుతూ వచ్చాడు. "ఆయ్, చూపించబ్బాయ్. వాళ్ళ హక్కండి అది. మన దగ్గర దాపరికం ఏముందండి?"

క్యాను తెచ్చాను, పట్టాను. పంపు అద్దంలో అంకె ఐదు చూపించింది. క్యాను మెడలో పెట్రోలు సరిగ్గా గీత మీద నిలబడింది, అడ్డగీత గీసినట్టు. అందరూ వంగి చూశారు. రెండో ఆటోకీ అంతే. మూడో ఆటోకీ అంతే. మూడు బండ్లకే అరగంట పట్టింది. వెనక హారన్లు చెవులకి చిల్లులు పొడుస్తున్నాయి, కాంట్రాక్టరు జీపులో పెద్దమనిషి దిగి బూతులు తిడుతున్నాడు. పథకం పారుతోంది. కానీ పారుతున్నకొద్దీ మా ఆటోవాళ్ళ మొహాలు చిన్నబోతున్నాయి. కొలత సరిగ్గా ఉన్నప్పుడల్లా ఓనరు గారు మెట్టు మీద నిలబడి, "చూశారాండి? రేటంటే పైవాళ్ళ చేతిలో ఉంది. మా చేతిలో ఉన్నది కొలత. అందులో దగా లేదు" అంటున్నాడు. జీపులవాళ్ళు సైతం ఆయన వైపు తల ఊపుతున్నారు. నిజాయితీపరుణ్ణి అల్లరిపెడుతున్న వెధవలుగా తేలిపోతున్నారు మావాళ్ళు.

నాలుగో ఆటోకి క్యాను ఎత్తాను. అప్పుడు జరిగింది అది. పొట్ట దగ్గర పట్టుకోవడంలో నా బొటనవేలు సొట్టలోకి దిగింది.

చేతిలో క్యానుతో అలాగే నిలబడిపోయాను. సొట్టపడ్డ రెండోరోజు ఇదే క్యానులో, ఇదే పంపు ఐదు లీటర్లు కొడితే గీత దాటి పొంగింది. ఇప్పుడు గీత దగ్గరే ఆగుతోంది. సొట్ట సర్దుకోలేదు, నా వేలే సాక్షి. మరి పొంగాల్సిన ఆ టీ గ్లాసుడు పెట్రోలు ఏమైనట్టు? మెకానిక్కు, స్పానర్లు, నాకిప్పించిన టీ అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. రెండేళ్ళుగా ఈ రోడ్డు మీద ఆగిన ప్రతి బండికీ తక్కువ కొట్టాను. నేను తప్పు చేస్తే పర్లేదన్నాడే, నా తప్పునే ఆయన కొలతగా వాడుకున్నాడు.

ఓనరు గారు నా మొహం చూశాడు. చూసి, మెట్టు దిగి, నా పక్కకి వచ్చి, భుజం మీద చెయ్యివేసి, చెవిలో అన్నాడు. "అబ్బాయ్, క్యాను లోపల పెట్టేసి రా. ఎండలో అలిసిపోయావు. రేపట్నించి నువ్వు క్యాషు మీద కూర్చో. పైపు పట్టక్కర్లేదు."

చెప్తే ఉద్యోగం పోతుంది, సొట్ట పెట్టిన దొంగగా నేనూ తేలతాను. చెప్పకపోతే కుర్చీ, ఫ్యానూ. నిజం చెప్పాలంటే ఫ్యాను వైపు ఒకసారి చూశాను. తలుపులోంచి కనబడుతోంది, తిరుగుతోంది.

"క్యాషు మీద కూచుంటే ఈళ్ళకి కతలెవరు సెప్తారండీ?" అన్నాను. అని, క్యానుని తలమీదికెత్తి అరిచాను. "బావా! ఈ క్యాను తప్పు! సొట్టుంది! సొట్టున్న క్యానులో గీత కాడికొచ్చిందంటే ఐదు లీటర్లు నేదు! తక్కువ కొడతన్నాం!"

లైను లైనంతా పగలబడి నవ్వింది.

"ఏటి బావా, ఒంటె క్యాను మీద కూకుందా?"

"ఆపరా నీ కోతలు, ఎండ మాడిపోతంది!"

అన్నాళ్ళూ కోసిన కోతల బాకీ ఒక్కసారే వచ్చి మీద పడింది. ఓనరు గారు కూడా మళ్ళీ తన మెట్టెక్కి నవ్వాడు. "వీడి మాటలు మీకు తెలీనివేముందండి" అన్నాడు. బావ ఒక్కడే నవ్వలేదు. నా దగ్గరికొచ్చి, "నిజవేటి?" అన్నాడు.

"నిజం బావా. ఆ సొట్ట నానే ఎట్టినాను."

"ఎలగ తేలుద్ది?"

ఎలా తేలుతుందో నాకూ తెలీదు. క్యాను తప్పయితే దేంతో కొలవాలి? అప్పుడు చూశాం, మావ రోడ్డు దాటుతున్నాడు. ఎవరికీ చెప్పలేదు, తొందరపడలేదు. ఎదురుగా రేషను కిరసనాయిలు డిపో ఉండేది. లోపలికి వెళ్ళి, వాళ్ళ లీటరు డబ్బా పట్టుకుని తిరిగి వచ్చాడు. దాని మీదా సర్కారు ముద్రే ఉంది. డబ్బాని తుడిచి, ఎండలో ఆరబెట్టి, దిమ్మ మీద పెట్టాడు. ఓనరు గారి వైపు చూడకుండా నాతో అన్నాడు. "కొట్టల్లుడా. బకెట్టులో ఐదు."

బకెట్టులో ఐదు కొట్టాను. పంపు అద్దంలో అందరూ అంకె చూశారు. మావ లీటరు డబ్బాలో ముంచి కొలవసాగాడు. ఒకటి. అంచు దాకా. రెండు. మూడు. నాలుగు. హారన్లు ఆగిపోయాయి. జీపులో పెద్దమనిషి కూడా వచ్చి మా భుజాల మీంచి తొంగిచూస్తున్నాడు. ఐదో డబ్బాకి బకెట్టు బోర్లించి, చివరి చుక్కదాకా కార్చాడు మావ. డబ్బా నిండలేదు. అంచుకి బొటనవేలి వెడల్పు కిందే ఆగిపోయింది.

ఇందాక నవ్వినవాళ్ళే వంగి వంగి చూశారు.

బావ మెల్లిగా మెట్టు దాకా నడిచి, కిందనే నిలబడి, తలెత్తి ఓనరు గారితో అన్నాడు. "మూడుసార్లు రేటు పెంచింది ఢిల్లీవోడు. నాలుగోసారి పెంచింది నువ్వా బాబూ?"

ఓనరు గారు ఒక అడుగు వెనక్కి వేసి గది తలుపు పట్టుకున్నాడు.

వెనకనుంచి ఇద్దరు ముగ్గురు ముందుకొచ్చారు, ఒకడి చేతిలో రాయి. బావ వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "రాయి ఏసినోడు నాతో లైన్లో నుంచోడు. ఢిల్లీవోడు మనకి కనబడడు, ఆడినేం సెయ్యలేం. ఈ బాబు కనబడతన్నాడు. ఈన్ని కొట్టీసి ఒగ్గేసి పోడం సులువు. రేటు మన సేతిలో నేదు. లీటరు మన సేతిలోనే ఉంది. దాన్ని సర్కారోడి సేత రాయించి మరీ పుచ్చుకుందాం."

అప్పటికే పెట్రోలు పట్టించుకున్నవి మూడు ఆటోలు. వాటిలో బావదొకటి. ఆ తక్కువ కొట్టించుకున్న పెట్రోలుతోనే ఊళ్ళోకి వెళ్ళి, తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుని ఆటోలో కూర్చోబెట్టుకొచ్చాడు. ఎలా ఒప్పించాడో చెప్పలేదు. "కిరాయి కూడా అడగనేదు" అని మాత్రం అన్నాడు. ఆ రెండు గంటలూ మిగతా ఆటోలు కదల్లేదు, క్యాను నా చంకలోంచి దిగలేదు. జీపులు తిట్టుకుంటూ ఇంకో దారి చూసుకున్నాయి.

ఇన్‌స్పెక్టరు సన్నటి మనిషి, చేతిలో బరువైన సంచీ. అందులోంచి తన సొంత క్యాను తీసి కొలిచాడు, రెండుసార్లు. మా క్యానుని తిరగేసి, సొట్టలో వేలు పెట్టి అడిగాడు. "ఇది ఎవరు చేశారు?"

"నానేనండి."

"ఎలా?"

"పోర్టు క్రేను ఎలగ తిరుగుతాదో సూపిత్తన్నానండి."

ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, నవ్వకుండా, కాగితం మీద "క్రేనును అనుకరించు సందర్భమున" అని రాసుకున్నాడు. నా జీవితంలో నేను చెప్పిన నిజం సర్కారు కాగితం మీదికెక్కడం అదే మొదలు, అదే ఆఖరు. పెట్రోలు పంపు హ్యాండిలుకి తీగ చుట్టి, సీసం బిళ్ళ నొక్కి సీలు వేశాడు.

ఆయన వెళ్ళాక ఓనరు గారు నన్ను పిలిచాడు. కోపం లేదు గొంతులో, అదే పెళ్ళిపిలుపు. "రేపు రావద్దబ్బాయ్. నువ్వు క్యాను పాడుచేసినప్పుడు నేను నిన్నొక్క మాట అన్లేదు. గుర్తుందా?"

"గుర్తుందండి. అప్పుడే ఒక మాట అనుంటే బాగుండేది" అన్నాను.

మావని మాత్రం ఆయన తియ్యలేకపోయాడు. తీస్తే పంపు మళ్ళీ తెరిచిన రోజున ఏ ఆటో ఆ గుమ్మంలోకి రాదని బావ కబురు పెట్టాడని తర్వాత విన్నాను. నా ఉద్యోగం గురించి కూడా కబురు పెట్టబోతే నేనే వద్దన్నాను. సీసం బిళ్ళ తీశాక అదే పైపు మళ్ళీ పట్టుకుని, ఆ మెట్టు మీంచి ఆ "ఆయ్" వినడం నా వల్ల కాదు. మీరు కుర్రాళ్ళు, ఉద్యోగం విలువ తెలిసినవాళ్ళు, ఇది పొగరంటారు. పొగరే. ఆ వయసులో అది కూడా లేకపోతే ఇక దాచుకోవడానికి ఏముంటుంది?

ఇక ఆటోల సంగతి. ఇరవై మూడింట్లో ఇరవై ఖాళీ టాంకులు. గెలిచామని ఎగిరిన కాసేపటికి తెలిసింది, గెలిచి మేం మూయించింది మాకున్న ఒక్క పంపునేనని. తర్వాతి బంకు గాజువాక జంక్షన్‌లో, రెండు మైళ్ళ పైనే. పెట్రోలున్న మూడు బండ్లూ తాడు కట్టి మిగతావాటిని లాగుతామన్నాయి.

"ఒద్దు" అన్నాడు బావ. తన ఆటో ఇంజను కూడా ఆపేశాడు. "తోసుకుంటా పోదాం. రేటు పెంచినోడికి ఇయాల మన పొగ కూడా ఇయ్యొద్దు. ఊరంతా సూడాల."

తోశాం. ఇరవై మూడు ఆటోలు, ఒకదాని వెనక ఒకటి, ఇంజను చప్పుడు లేకుండా. చొక్కాలు విప్పి తలకి చుట్టుకున్నారు. స్టీలు ప్లాంటు లారీలు పక్కకి తప్పుకుని దారిచ్చాయి. కొందరు డ్రైవర్లు కిందికి దూకి ఎత్తు దగ్గర చెయ్యి వేశారు. నేను బావ ఆటోకి కుడిపక్క. రిఫైనరీ మంట వెనకాల చిన్నదైపోతోంది. దారిలో ఎవరో "ఏటి, అందరి బళ్ళూ ఒకేసారి చెడిపోయినాయేటి?" అని అడిగితే, "బళ్ళు బాగానే ఉన్నాయి, లీటరు చెడిపోయింది" అని అరిచాడు వెనకనుంచి ఒకడు. ఆ మాట మా వరస ఈ చివర నుంచి ఆ చివరదాకా పాకింది. గాజువాక చేరేసరికి అందరూ అదే అరుస్తున్నారు.

రేటు దిగలేదు. ఆ యేడే కాదు, ఆ తర్వాతా దిగలేదు. మేం తోసిన తోపుడికి ఢిల్లీలో ఒక కాగితమైనా కదిలిందని నేను కూడా కొయ్యలేను.

గాజువాక జంక్షన్ బంకులో పైపు పట్టుకున్న మనిషి మమ్మల్ని చూశాడు. మా చప్పుడు వాడికి మాకంటే ముందే చేరినట్టుంది. మేం ఇంకా రోడ్డు మీదే ఉన్నాం, ఒక్కరం ఒక్క మాట అడగలేదు. వాడు గబగబా లోపలికెళ్ళి ఐదు లీటర్ల క్యాను తెచ్చాడు. భుజం మీది తువ్వాలుతో తుడిచి, దిమ్మ మీద, అందరికీ కనబడేలా పెట్టాడు.

బావ చెమట కారుతున్న చేతులు ప్యాంటుకి తుడుచుకుని, వంగి, క్యాను పొట్టచుట్టూ బొటనవేలితో నిదానంగా తడిమాడు, మెడ నుంచి అడుగుదాకా. లేచి నిలబడ్డాడు.

"కొట్టు" అన్నాడు.